డబ్బు వచ్చిన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు

2025 ఏప్రిల్ చివర్లో పేపరు లోపలి పేజీలో ఒక వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రోడ్డు ప్రమాదాల కేసుల్లో బాధితుల కోసం ఇన్సూరెన్స్ కంపెనీలు కట్టిన పరిహారం వందల కోట్ల రూపాయలు ట్రిబ్యునళ్ళ దగ్గరే పడి ఉన్నాయట, తీసుకోవడానికి మనుషులు రావడం లేదట. గుజరాత్‌కు చెందిన ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి ఈ సంగతి మెయిల్ రాస్తే సుప్రీంకోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. ఏప్రిల్ 22న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ బెంచ్ దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. క్లెయిం వేసేటప్పుడే బాధితుల బ్యాంకు ఖాతా, ఆధార్, పాన్ వివరాలు తీసుకోవాలి, పరిహారం నేరుగా వాళ్ళ ఖాతాలోనే వెయ్యాలి, ఇప్పటికే పడి ఉన్న డబ్బు తాలూకు మనుషుల్ని వెతికి పట్టుకోవాలి అని.

'తీసుకోవడానికి రావడం లేదు' అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. రావడానికి, ముందు వచ్చిందని తెలియాలి కదా. మా బావకు తెలియలేదు. ఏడు నెలలు తెలియలేదు.

ఇది రెండేళ్ళుగా రాద్దామనుకుంటూ ఆపుకున్న విషయం. అక్క వద్దంది. ఇప్పుడు అక్కే రాయమంది, పేర్లు మాత్రం వద్దంది. అందుకని ప్లీడరు గారి పేరు, కంపెనీ పేరు, బ్యాంకు పేరు ఏదీ రాయడం లేదు.

మిర్చి యార్డు నుంచి కోర్టు వరండా దాకా

మా బావ గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే పని. 2018 ఫిబ్రవరిలో, అంటే సీజను మొదలవుతున్న రోజుల్లో, యడ్లపాడు దగ్గర హైవే మీద వెనక నుంచి లారీ కొట్టి కుడికాలు తొడ ఎముక రెండు ముక్కలైంది. రాడ్డు వేశారు. కాలు నిలబడింది కానీ అర అంగుళం పొట్టిదైంది, బరువెత్తితే నడుము దాకా లాగుతుంది. సర్టిఫికెట్లో 35 శాతం వైకల్యం అని రాశారు. టిక్కీలు మోసేవాడికి 35 శాతం అంటే నూటికి నూరు పోయినట్టే. శరీరానికి ఎంత నష్టం అని కాదు, ఆ మనిషి సంపాదనకు ఎంత నష్టం అని చూడాలని సుప్రీంకోర్టు 2010లోనే రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. ఈ సంగతి మాకు చెప్పిందీ, కంపెనీ మూడున్నర లక్షలకు మించి ఇవ్వనంటే ఈ తీర్పు పట్టుకుని గట్టిగా నిలబడిందీ మా ప్లీడరు గారే. అది ముందే చెప్పాలి. 2022 ఆగస్టులో లోక్ అదాలత్‌లో 7 లక్షల 20 వేలకు రాజీ అయింది. ఆయన లేకపోతే అంత వచ్చేది కాదు.

రాజీ అయిన రోజు బావ సంతకాలు పెట్టి వచ్చాడు. లోక్ అదాలత్ అవార్డు అంటే కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. అంటే కేసు అక్కడితో ముగిసిపోయింది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. "కంపెనీ డబ్బు కట్టాలి, టైం పడుతుంది, నేనే ఫోన్ చేస్తాను" అన్నారు ప్లీడరు గారు. దసరా వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది. బావ ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తేవాడు. "ఇంకా రాలేదు బాబాయ్, వస్తే మేం చెప్పమా?"

ఈలోపు రాడ్డు తీయించాల్సి వచ్చింది. నవంబరు మొదట్లో అక్క లక్షన్నర అప్పు తెచ్చింది, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 4,500. పరిహారం రాగానే కట్టేస్తామని మాటిచ్చి తెచ్చిన అప్పు.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రసీదు లేని రూపాయి కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. 2023 మేలో అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఈ సంగతంతా విని, మర్నాడు బావని తీసుకుని నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఆఫీసరు కంప్యూటర్లో చూసి చాలా మామూలుగా చెప్పారు: "ఇది మేం 2022 అక్టోబరు 18న డిపాజిట్ చేసేశాం కదమ్మా, మెమో కూడా ఫైల్ చేశాం." బావ నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. తన లెక్కలో తనే ఎక్కడో పొరపాటు పడ్డానేమో అన్నట్టు చూశాడు.

డిపాజిట్ అయ్యాక బాధితుడి తరఫు లాయరు చెక్కు పిటిషన్, అంటే ఆ డబ్బు విడుదల చెయ్యమని అడిగే అర్జీ, వెయ్యాలి. కోర్టు ఆర్డరిచ్చాక బాధితుడి పేరున డబ్బు విడుదలవుతుంది. మా కేసులో అది మార్చిదాకా వెయ్యలేదు. ఏప్రిల్ రెండో వారంలో డబ్బు విడుదలై బావ ఖాతాలోనే పడింది. బావ ఖాతా అంటే, కేసు వేసిన కొత్తలో కోర్టు దగ్గరి బ్యాంకులో "పరిహారం పడటానికి" అని గుమాస్తా దగ్గరుండి తెరిపించిన ఖాతా. పాసుపుస్తకం, చెక్కుబుక్కు ఆఫీసులోనే ఉంచారు, రెండు ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకున్నారు. ఇవన్నీ బావకు తెలుసు, అది పద్ధతి అనుకున్నాడు. తెలియంది ఒకటే. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు గుమాస్తాది. డబ్బు పడిందన్న మెసేజి వెళ్ళింది, కాకపోతే అతని ఫోనుకు.

ఈ సంగతి బ్యాంకులో స్టేట్‌మెంట్ తీసుకుంటే బయటపడింది. అక్కకు ఫోన్ చేసి చెబితే ఆమె అన్న మొదటి మాట: "నువ్వు ఆయన్ని గట్టిగా అడగకు, కోపం వస్తే కేసు పాడు చేస్తాడు." కేసు అయిపోయి అప్పటికి తొమ్మిది నెలలైంది.

ఆయన చెప్పింది కూడా వినాలి

ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు నాలో చాలా కోపం ఉంది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించి, నేను ఏదీ అడగకముందే అన్నారు: "ఆ డబ్బు నేను ముట్టుకున్నానా అమ్మా? మీ బావగారి ఖాతాలోనే ఉంది. ఫీజు మాట తేలితే ఈ క్షణంలో తీసుకెళ్ళండి."

కేసు తీసుకున్నప్పుడు ఇరవై శాతం అన్నారని బావ అంటాడు. ఖర్చులు విడిగా అన్నానని ఆయన అంటారు. ఇప్పుడు అన్నీ కలిపి ముప్పై అడుగుతున్నారు. కాగితం ముక్క లేదు. నాలుగున్నరేళ్ళలో మేం ఇచ్చింది మొదట్లో మూడు వేలు, అంతే. సర్టిఫైడ్ కాపీలు, టైపింగు, డాక్టరు గారు సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రోజు ఖర్చు, అన్నీ ఆయనే పెట్టుకున్నారు. ఆయన ఇంకో మాట చెప్పారు. అంతకుముందు ఒక కేసులో ఎనిమిదేళ్ళు తిరిగి పదకొండు లక్షలు ఇప్పిస్తే, డబ్బు పడిన రోజే ఖాతా ఖాళీ చేసి ఆ కుటుంబం ఫోను ఎత్తడం మానేసిందట. "అప్పటి నుంచే పాసుపుస్తకం నా దగ్గర పెట్టుకుంటున్నా."

నమ్మొచ్చా లేదా అని చాలా ఆలోచించాను. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అలా చేసేవాళ్ళు ఉంటారు. అలాంటి దెబ్బ తిన్న మనిషి జాగ్రత్తపడతాడు. కానీ ఎవరో ఎగ్గొట్టిన ఫీజుకు మా బావ ఎందుకు వడ్డీ కట్టాలి?

చివరికి పాతిక శాతం దగ్గర కుదిరింది. జులైలో లక్షా 80 వేలు ఆయనకు, 5 లక్షల 40 వేలు బావకు. నవంబరు నుంచి జులై దాకా అప్పు మీద అక్క కట్టిన వడ్డీ లెక్కేస్తే దాదాపు 40 వేలు. అవార్డు ఇచ్చిన కేసుల్లో అయినా కంపెనీ డబ్బు డిపాజిట్ చేసిన రోజుతో దాని మీద వడ్డీ ఆగిపోతుంది, ఆ తర్వాత జరిగే ప్రతి రోజు ఆలస్యం పూర్తిగా బాధితుడి నెత్తినే పడుతుంది. కంపెనీకి నష్టం లేదు, కోర్టుకు లేదు, లాయరుకు లేదు.

రాయకూడని ఫీజు

నా అభిప్రాయం ఇదీ: ఈ ఆలస్యానికి వేరు దురాశలో కంటే, కాగితం మీద పెట్టని ఫీజులో ఉంది. దురాశ లేదని కాదు. కానీ మంచి లాయర్ల దగ్గర కూడా ఇదే ఆలస్యం జరుగుతోంది కాబట్టి కారణం ఇంకెక్కడో ఉందని చెబుతున్నాను.

బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం మన దేశంలో లాయరు గెలిచిన డబ్బులో వాటా మాట్లాడుకోకూడదు. ఫలితం మీద ఆధారపడే ఫీజే తప్పు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్ళీ చెప్పింది, అది మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసే. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ పరిహారం కేసులో లాయరుకు పది లక్షలు ఇచ్చింది. ఆ పైన ఇంకో మూడు లక్షలకు తన చేత చెక్కు రాయించుకున్నారని ఆవిడ చెప్పింది. అది బౌన్స్ అయితే ఆమె మీదే చెక్కు కేసు పెట్టారు. వచ్చిన డబ్బులో శాతం లెక్కన ఫీజు అడగడం చట్టవిరుద్ధం, వృత్తి ధర్మానికి విరుద్ధం అంటూ జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ లలిత్ ఆ కేసును కొట్టేశారు. లాయర్ల ఫీజుల విషయం 1988లో లా కమిషన్ తన 131వ నివేదికలో మాట్లాడిందని కూడా ఆ తీర్పులో గుర్తు చేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ విషయంలో చట్టం రాలేదు.

తీర్పు చదివి సంతోషించాను. తర్వాత కోర్టు వరండాలో నిలబడి చూస్తే సంతోషం నిలవలేదు. అక్కడ ఉన్నవాళ్ళలో ముందే ఫీజు కట్టగలిగిన వాళ్ళు ఎవరు? కాలు విరిగి మంచం మీద ఉన్న కూలీ యాభై వేలు ముందు ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే వాటా పద్ధతి పోదు, నిషేధించినా పోలేదు, నోటిమాటగా మిగిలింది. నోటిమాట కాబట్టి లాయరు రేపు దాన్ని కోర్టులో వసూలు చేసుకోలేడు. వసూలు చేసుకోలేడు కాబట్టి జుట్టు ఆయన చేతిలో ఉండాలి. ఆ జుట్టు పేరే పాసుపుస్తకం, ఖాళీ చెక్కు, వెయ్యని చెక్కు పిటిషన్. బాధితుడిని కాపాడటానికి పెట్టిన నిషేధం చివరికి బాధితుడి డబ్బును తాకట్టు వస్తువుగా మార్చింది. ఈ మాట అంటే నాకే కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ నిషేధం వెనకున్న ఉద్దేశం మంచిదే. లాయరుకు వాటా ఉంటే కేసు ఆయనదైపోతుంది, తొందరగా రాజీపడమనో, ఇంకా సాగదీయమనో సొంత లెక్కతో చెబుతాడు. ఆ భయం నిజమే. కానీ ఆ వాటా ఇప్పుడు కూడా ఉందిగా, చీకట్లో.

న్యూజెర్సీలో ఉండే నా స్నేహితురాలికి కారు ప్రమాదం జరిగింది. అక్కడ వాటా ఫీజు చట్టబద్ధమే, కాగితం మీద రాసుకుంటారు. ఆమెకు కూడా డబ్బు ఆలస్యమైంది, రెండు నెలలు పైనే, ఆసుపత్రి బాకీ లెక్క తేలకపోవడం వల్ల. ఆ రెండు నెలలు తను లాయరును బాగానే తిట్టుకుంది. కానీ డబ్బు లాయరు సొంత ఖాతాలో కాకుండా క్లయింట్ల డబ్బు కోసం ఉండే ప్రత్యేక ఖాతాలో ఉందని తెలుసు, ఏ తేదీన పడిందో తెలుసు, చివర్లో ఎంత ఫీజు, ఎంత ఖర్చు, ఎంత ఆసుపత్రికి అని ఒక పేజీ లెక్క చేతికి వచ్చింది. అక్కడ అంతా బాగుందని చెప్పడం లేదు, లాయరు వాటా మూడో వంతు అంటే తక్కువేం కాదు. ఇంగ్లండ్‌లో అయితే గాయాల కేసుల్లో గెలిచినందుకు తీసుకునే అదనపు ఫీజుకు పాతిక శాతం హద్దు పెట్టారు. హద్దు పెట్టాలంటే ముందు ఉందని ఒప్పుకోవాలి.

ఇక్కడ కూడా లెక్క చెప్పే నియమాలు ఉన్నాయి. క్లయింటు తరఫున డబ్బు అందితే వీలైనంత త్వరగా తెలియజేయాలి, అడిగితే లెక్క కాపీ ఇవ్వాలి అని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కానీ మా ప్లీడరు గారు అన్నట్టు, ఆయన డబ్బు ముట్టుకోలేదు కదా. బావ ఖాతాలో బావ డబ్బు పడింది, అంతే. నియమం అక్షరాలా ఎక్కడా తప్పలేదు.

నేరుగా వేస్తే సరిపోతుందా

సుప్రీంకోర్టు ఆదేశాలు అమలైతే సగం సమస్య తీరుతుంది. తన సొంత ఊళ్ళో, తన ఫోన్ నంబరున్న ఖాతాలో డబ్బు పడితే మెసేజి గుమాస్తాకు వెళ్ళదు. నేను పూర్తిగా దీని వైపే. కానీ రెండు సందేహాలు వదలడం లేదు.

మొదటిది ఒక లాయరు స్నేహితుడు అడిగింది. "డబ్బు నేరుగా పడితే పేదవాళ్ళ కేసులు రేపటి నుంచి ఎవరు పట్టుకుంటారు?" ఉచిత న్యాయసహాయం ఉందని అన్నాను. ఉంది, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. మా బావ కూడా దీనికి అర్హుడై ఉండొచ్చని మాకు ఆలస్యంగా తెలిసింది. కానీ ప్రమాదం జరిగిన రెండో రోజే ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన నిలబడింది సంస్థ కాదు, గుమాస్తా. దీనికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే: ఫీజును ట్రిబ్యునలే అవార్డులో రాసి, లాయరు ఖాతాకు అది, బాధితుడి ఖాతాకు మిగతాది ఒకే రోజు వెయ్యాలి. లాయరుకు భయం ఉండదు, పాసుపుస్తకంతో పని ఉండదు.

రెండో సందేహం కోర్టు వరండాలో పుట్టింది. మేం చెక్కు పిటిషన్ సంగతి కనుక్కోవడానికి వెళ్ళిన రోజు ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా పక్కన కూర్చుంది. ప్లాస్టిక్ కవర్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం. భర్త పోతే వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం కోర్టు డిపాజిట్ వేయించిందట, గడువు అయిపోతే మళ్ళీ వేయించుకోవడానికి వచ్చింది. "చేతికిస్తే నా కొడుకులు నెలలో అవగొట్టేవాళ్ళమ్మా. జడ్జిగారు నాకు అన్నం పెట్టాడు" అంది. ఆ పద్ధతి 1990ల మొదట్లో కేరళ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన జాగ్రత్తల నుంచి వచ్చింది. చదువు లేనివాళ్ళ డబ్బు వేరేవాళ్ళు తినేయకుండా డిపాజిట్‌లో ఉంచమన్నారు. తర్వాత ట్రిబ్యునళ్ళు దాన్ని ఆలోచించకుండా అందరికీ వర్తింపజేస్తున్నాయని 2012లో మళ్ళీ సుప్రీంకోర్టే తప్పుపట్టింది. రెండూ నిజమే. ఆ పెద్దావిడకు ఆలస్యం రక్షణ అయింది, మా అక్కకు అప్పు అయింది. తేడా ఎక్కడంటే ఆ పెద్దావిడకు తన డబ్బు ఎక్కడుందో, ఎంతుందో, ఏ తేదీన చేతికొస్తుందో తెలుసు. డబ్బు ఆగడం కంటే, ఆగిందని తెలియకపోవడమే నాకు పెద్ద అన్యాయంగా తోస్తోంది.

మరి ఫిర్యాదు చేయలేదా అని అడుగుతారు. వినియోగదారుల కోర్టుకు వెళ్ళే దారి లేదు, లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాయొచ్చు, ఏడాదిలో తేల్చాలని చట్టంలో ఉంది. బావ ఒప్పుకోలేదు. "ఆయన వల్లే కదా ఏడు లక్షలు వచ్చింది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కృతజ్ఞత ఉన్నచోట ఫిర్యాదు రాదు.

కేసు నడుస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. మీ కేసు సీఎన్ఆర్ నంబరు అడిగి రాసుకోండి, పదహారు అంకెలూ అక్షరాలూ ఉంటాయి. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే కేసు ఎక్కడుందో కనిపిస్తుంది. రాజీ అయ్యాకో తీర్పు వచ్చాకో నెల దాటితే ఇన్సూరెన్స్ ఆఫీసుకే వెళ్ళి డిపాజిట్ తేదీ అడగండి, మాకు చెప్పినట్టే చెబుతారు. ఖాళీ చెక్కు మీద మాత్రం సంతకం పెట్టకండి.

పోయిన సంవత్సరం అక్క వాళ్ళ పక్కింటి కుర్రాడిని ఆటో గుద్ది చెయ్యి విరిగింది. ఈసారి అక్కే ముందు నిలబడింది. గుంటూరులోనే ఒక యువ లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, ఫీజు ఎంతో, ఎప్పుడెప్పుడు ఇవ్వాలో కాగితం మీద రాసివ్వమని అడిగింది. ఆవిడ కాసేపు ఆలోచించి శాతం లేకుండా మొత్తం అంకె వేసి, మూడు విడతలుగా రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. పిటిషన్‌లో ఆ కుర్రాడి ఊరి బ్యాంకు ఖాతా నంబరు రాశారు, ఫోన్ నంబరు వాళ్ళమ్మది. కేసు ఇంకా సాక్ష్యాల దగ్గరే ఉంది. ప్రతి వాయిదా మర్నాడు అక్క నాకు ఫోన్ చేసి యాప్‌లో చూసి చెప్పమంటుంది.